అమ్మానాన్నలతో ఐర్లాండ్ సరస్సుల వైపు: ఫెర్మనా వెళ్లాలా, షానన్ ఒడ్డునే చూడాలా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఉద్యోగం మీద ఐర్లాండ్‌లో షానన్ నది ఒడ్డున ఉన్న ఆథ్లోన్ వచ్చి కొన్ని నెలలే అయింది. ఎండాకాలంలో కర్నూలు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. ఫెర్మనా సరస్సుల్లో దీవుల మీద పాత మఠాలున్నాయి, గైడ్‌ని పెట్టుకుని చూస్తే బాగుంటుందని ఆఫీసులో చెప్పారు. కారు అద్దెకు తీసుకుని వెళ్లిరావచ్చా?

జవాబు:
తమ్ముడూ, ఏదీ బుక్ చేయకముందే ఇది చూసుకో. ఫెర్మనా ఉత్తర ఐర్లాండ్‌లో ఉంది, అంటే యూకే. దారిలో గేటు ఉండదు, స్పీడ్ బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లకు మారితే గానీ సరిహద్దు దాటామని తెలియదు. అయినా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న మనకు యూకే వీసా కావాల్సిందే, ఐఆర్‌పీ కార్డు (ఐర్లాండ్ నివాస అనుమతి) అక్కడ చెల్లదు. "ఎవరూ చెక్ చేయరులే" అనేవాళ్ల మాట దయచేసి వినకు, రేపు నీ వీసాలన్నిటికీ ఇదే అడ్డం పడుతుంది. అమ్మానాన్నల ఐరిష్ విజిట్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని ఉంటే వాళ్లు వెళ్లొచ్చు. నువ్వు మాత్రం విడిగా తీసుకోవాలి.

అసలు అంత దూరం ఎందుకు? లాక్ రీ సరస్సు నీ ఊరి పక్కనే ఉంది. కిందికి షానన్ వెంట వెళ్తే క్లోన్‌మక్‌నాయ్స్, 6వ శతాబ్దంలో సెయింట్ కీరన్ పెట్టిన మఠం. గైడ్ లేకుండా వెళ్తే కప్పు లేని గోడలు, సమాధి రాళ్లు చూసి అరగంటలో తిరిగొచ్చేస్తారు. విజిటర్ సెంటర్‌లో అడిగి, తర్వాతి టూర్‌లో కలవండి. నాలుగు మీటర్ల ఎత్తు రాతి శిలువ ఒకటుంది. మన గుళ్లలో స్తంభాల మీద రామాయణం చెక్కినట్టు, దాని నిండా బైబిల్ కథలే. అడుగున ఒక పలకలో ఇద్దరు మనుషులు ఒకే కర్రను పట్టుకుని నేలలో పాతుతుంటారు. కీరన్, రాజు డియర్మిడ్ కలిసి మొదటి గుడికి గుంజ పాతుతున్నారని చెబుతారు. గైడ్ వేలు పెట్టి చూపిస్తే తప్ప అది మన కంట పడదు. అసలు శిలువలు విజిటర్ సెంటర్ లోపల భద్రంగా ఉన్నాయి, బయట ఉన్నవి నకళ్లు. కెథెడ్రల్ ఉత్తర ద్వారం దగ్గర అమ్మను ఒక పక్క నిలబెట్టి, రెండో పక్క రాతి గాడిలో మెల్లగా ఏదైనా చెప్పు, అమ్మకు స్పష్టంగా వినిపిస్తుంది. కుష్ఠు రోగులు అలాగే దూరం నుంచి పాపాలు చెప్పుకునేవారట.

మరో జవాబు:
అక్క చెప్పింది నిజం. నేనైతే స్ట్రోక్స్‌టౌన్ కూడా చూడమంటాను, రాస్‌కామన్ కౌంటీలో ఉంది. బంగాళాదుంప పంట తెగులుతో పోయి 1845లో మొదలైన కరువు గురించిన మ్యూజియం అక్కడి జమీందారు ఎస్టేట్‌లో, పాత గుర్రపుశాలల్లో ఉంది. 1847లో ఆ ఎస్టేట్ నుంచి 1,490 మంది కౌలుదార్లను వెళ్లగొట్టారు, డబ్లిన్ దాకా నడిచి వెళ్లి ఓడలెక్కారు. అదే ఏడాది నవంబరులో జమీందారు డెనిస్ మహోన్‌ను కాల్చి చంపారు. మీది కర్నూలు కదా, 1876 ధాత కరువు గురించి నాన్నగారు వినే ఉంటారు. అదీ ఇదే బ్రిటిష్ సామ్రాజ్యం కింద జరిగిందే. నాన్నగారినే గైడ్‌ని ప్రశ్నలు అడగనివ్వండి, నాన్నగారి ఇంగ్లీషు ఎలా ఉన్నా పర్లేదు, మీరు మధ్యలో తెలుగు చేసి చెప్పండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. వీసా సంగతి తెలియకపోతే ఎంత టెన్షన్ అయ్యేదో. నాన్నకు మోకాళ్ల నొప్పి, ఎక్కువ నడవలేరు. ఏం చేయను?

జవాబు:
అయితే లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని కార్లియా పెట్టుకో. క్రీ.పూ. 148లో బురద నేల మీద ఓక్ పలకలు పరిచి వేసిన బాట అది. తవ్వితే బయటపడిన దాంట్లో 18 మీటర్లు హాల్లోనే ఉంచారు, నడక పెద్దగా ఉండదు. చలికాలంలో మూసేస్తారు, తేదీలు చూసుకుని వెళ్లండి. ప్రభుత్వ హెరిటేజ్ కార్డు కొంటే క్లోన్‌మక్‌నాయ్స్‌లో పనికొస్తుంది, స్ట్రోక్స్‌టౌన్‌కి మాత్రం వేరే టికెట్. వానకోటు, పులిహోర డబ్బా మర్చిపోవద్దు, ఆ దారుల్లో శాకాహారం దొరకడం కష్టం.