ఒక రసాయనాన్ని ఆపమనడానికి కాలేయ కణాల్లో జన్యువుల తీరు మారితే సరిపోతుందా? గుడ్డులో పిల్లకు దెబ్బ తగిలేదాకా ఆగాలా?

పరిశోధక_విద్యార్థిని:
సోఫా ఫోము తొందరగా అంటుకోకుండా కలిపే టీడీసీపీపీ, టీసీపీపీ మీద కెనడా పర్యావరణ శాఖ శాస్త్రవేత్తల పరిశోధన 2012లో వచ్చింది. కోడి పిండాల కాలేయ కణాలను గిన్నెల్లో పెంచి, ఈ రసాయనాలు తగిలించి చూశారు. విషాలను విరగ్గొట్టే సైటోక్రోమ్ పీ450 జన్యువులు పుంజుకున్నాయి. థైరాయిడ్ హార్మోన్‌తో ముడిపడ్డ జన్యువుల తీరూ మారింది. ఇంతమాత్రానికే వీటిని ఆపమని అడగొచ్చా?

మోతాదు_ముఖ్యం:
అడగకూడదమ్మా. విషం తగిలితే కాలేయం ఆ జన్యువులను లేపుతుంది, దాని పనే అది. రోగానికీ దానికీ చాలా దూరం. గిన్నెలో కణానికి తల్లి లేదు, రక్తప్రసరణ లేదు.

హ్యాచరీ_ఇంటివాణ్ణి:
అన్నా, గిన్నె దగ్గరే ఆగిపోయారు మీరు. ఆ బృందమే తర్వాత కోడిగుడ్లలోకి ఎక్కించి చూసింది. ఎక్కువ మోతాదు టీసీపీపీతో పిల్లలు పెంకు పొడవడం ఆలస్యమైంది. టీడీసీపీపీతో రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గింది, పిల్ల ఎదుగుదలా తగ్గింది. కణాలు ముందే చూపించిన దారి అదే కదా!

పెంకు పొడవడం ఆలస్యమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. 18వ రోజున గుడ్లను హ్యాచర్‌లోకి, అంటే పిల్లలు బయటికొచ్చే పెట్టెలోకి మారుస్తాం. 21వ రోజు తెల్లవారి ట్రే లాగితే, తోటి పిల్లలన్నీ ఆరిపోయి కిచకిచలాడుతుంటాయి. ఒక గుడ్డుకి మాత్రం చిన్న నెర్రె, లోపల ముక్కు కదలిక. మధ్యాహ్నానికి ఆ కదలికా ఉండదు.

మోతాదు_ముఖ్యం:
తమ్ముడూ, ఆ గుడ్లలోకి ఎంత ఎక్కించారు? టీడీసీపీపీ అయితే గ్రాముకు 45 మైక్రోగ్రాముల దాకా. అమెరికా, కెనడాల మధ్య గ్రేట్ లేక్స్ సరస్సుల దగ్గర హెర్రింగ్ గల్ పక్షుల గుడ్లలో ఇలాంటి ఫాస్ఫేట్ రసాయనాలు దొరికింది గ్రాముకు కొన్ని నానోగ్రాములే, నానోగ్రాము అంటే మైక్రోగ్రాములో వెయ్యో వంతు. వేల రెట్ల తేడా!

పరిశోధక_విద్యార్థిని:
ఆ తేడా నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఇంకో అంకె చూడండి. ఎక్కించిన టీడీసీపీపీలో 5వ రోజున 92 శాతం ఉంది, 19వ రోజుకి ఒక శాతం కూడా లేదు. రసాయనం పోయింది, పిల్ల మీద దెబ్బ మిగిలింది. గుడ్డులో దొరికింది తక్కువైతే తగిలింది తక్కువని కాదు.

మోతాదు_ముఖ్యం:
గల్ గుడ్లను పెట్టిన కొత్తల్లోనే సేకరిస్తారు. వాటిలో రసాయనం విరిగిపోయేంత సమయం గడవదు.

పరిశోధక_విద్యార్థిని:
గుడ్డు కొత్తదే, తల్లి కాలేయం కొత్తది కాదుగా! తల్లి తిన్నదాంట్లో చాలా భాగం గుడ్డు చేరకముందే విరిగిపోవచ్చు. అందుకే గుడ్డులో ఎంత మిగిలిందో కొలిస్తే సరిపోదు, కాలేయంలో ఏ జన్యువు కదిలిందో కూడా చూడాలంటున్నాను.

హ్యాచరీ_ఇంటివాణ్ణి:
వీటికి ముందు మంట అంటుకోకుండా ఫోముల్లో వాడిన పీబీడీఈలనే బ్రోమిన్ రసాయనాల సంగతి మర్చిపోకండి. ఆ గల్ గుడ్లలోనే 1981 నుంచి 2000 దాకా అవి సుమారు మూడేళ్లకోసారి రెట్టింపయ్యాయి. వాటిలో పెంటా, ఆక్టా రకాలు, ఎంతకీ పోని విషాలను ఆపే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందంలోకి వచ్చింది 2009లో. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. వాటి బదులు టీడీసీపీపీ వాడకం పెరిగింది.

మోతాదు_ముఖ్యం:
సోఫా అంటుకుని మనుషులు పోతే? అదీ ప్రాణమే కదా తమ్ముడూ.

హ్యాచరీ_ఇంటివాణ్ణి:
కాదనను అన్నా. కాలిఫోర్నియా 2013లో పరీక్షనే మార్చింది: ఫోముకు మంట పెట్టి చూడటం మాని, పైబట్ట రాజుకోకుండా ఉంటుందా అని చూస్తోంది. ఈ రసాయనాలు కలపకుండానే నెగ్గొచ్చు.

మోతాదు_ముఖ్యం:
సరే. కొత్త రసాయనం బజారుకు రాకముందు ఈ కణాల పరీక్ష తప్పనిసరి చేయమంటే నేనూ సంతకం పెడతాను. ఇప్పటికే వాడుతున్నదాన్ని ఆపడానికి మాత్రం గిన్నె ఒక్కటే చాలదు, గుడ్డు లెక్క కూడా కావాలి.