జనవరిలో అండమాన్ పోదామనుకుంటున్నాం, జర ప్లాన్ చూసి చెప్పండి

మిర్యాలగూడ_మిల్లు:
అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర. వానాకాలం వడ్లు అమ్ముకొని యాసంగి నాట్లు పడ్డాక కొన్ని రోజులు ఖాళీ దొరుకుతుంది, అందుకే జనవరి చివర్లో అండమాన్ అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ల బాబు, మా తమ్ముడు. షాపింగులు గట్రా వద్దు, సముద్రం, అడవి, స్కూబా, కయాకింగ్ కావాలి. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు ఐదు రాత్రుల ప్యాకేజీ రాసిచ్చాడు. పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, బారాటాంగ్, రాస్, నార్త్ బే అన్నీ ఉన్నాయి. చివరి రోజు పొద్దున్నే హేవ్‌లాక్‌లో స్కూబా చేసి, ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ వచ్చి, మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కాలట. ఊపిరి తీసుకునే సందు లేదు గానీ, ఇంత డబ్బు పెట్టి మళ్లీ మళ్లీ పోలేం కదా, అన్నీ చూడాలనే ఉంది. నాకూ తమ్ముడికీ బావిలో ఈత వచ్చు. ఆవిడకు రాదు, పైగా సాగర్‌లో లాంచీ ఎక్కితేనే కడుపులో తిప్పుతుందామెకు. ఏం చేయమంటారు?

పాలమూరు_తిరుగుడు:
అన్నా, ముందు ఆ చివరి రోజు స్కూబా కొట్టేయించు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. నీళ్ల కింద ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే పైన ఒత్తిడి తగ్గి లోపల బుడగలు కడతాయి, కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. డైవ్‌కూ ఫ్లైట్‌కూ మధ్య కనీసం 18 గంటలు, 24 అయితే ఇంకా మంచిది. ఇది కూడా తెలియని ఏజెంటు రాసిన మిగతా ప్లాన్‌ను నేనైతే నమ్మను.

ఇంకోటి, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి. సముద్రం బాగా లేకపోతే ఫెర్రీలు ఆపేస్తారు, అప్పుడు నువ్వు హేవ్‌లాక్‌లో, నీ ఫ్లైట్ ఇక్కడ. బుక్ చేసే వరుస కూడా చెప్తా: ఫ్లైట్, వెంటనే ఫెర్రీ, ఆ తర్వాతే హోటల్. సీజన్‌లో ముందు నిండిపోయేవి ఫెర్రీలే.

అక్కడ పొద్దు కూడా మనలాగా ఉండదు. గడియారం మనదే గానీ వాళ్లు చాలా తూర్పున ఉన్నారు, జనవరిలో ఐదున్నరకల్లా సూర్యుడు మునిగిపోతాడు. హేవ్‌లాక్‌లో రాధానగర్ బీచ్‌కు ఐదింటికి బయల్దేరితే చీకటే చూస్తావు. అందుకే రోజుకు ఒక్క పెద్ద పని పెట్టుకో, రెండు పెడితే రెండోది కారులో కూర్చోవడమే అవుతుంది.

పేర్లు చూసి టెన్షన్ పడొద్దు. 2018లో హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్, నీల్‌ను షహీద్ ద్వీప్ చేశారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు. టికెట్ మీద ఏది ఉన్నా ఊరు అదే.

అచ్చంపేట_అక్క:
మీ ఆవిడ గురించి చెప్తా తమ్మీ, ఎందుకంటే నాదీ అదే కేసు. మొదటిసారి చేసే స్కూబాకు ఈత రానక్కర్లేదు. 12 మీటర్లకు మించి తీసుకుపోరు, ట్రైనర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకొనే ఉంటాడు. పదేళ్లు దాటాయి కాబట్టి బాబు కూడా చేయొచ్చు. ఆస్తమా, గుండె, చెవి, సైనస్ సమస్యలుంటే ఫారంలో దాచకుండా రాయండి. జలుబు ఉన్న రోజు మాత్రం దిగొద్దు, చెవులు సర్దుకోవు. కిందికి పోతున్నప్పుడు ప్రతి కొద్ది దూరానికీ ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి, నొప్పి మొదలయ్యాక కాదు, అంతకుముందే.

అసలు భయం ఈత రానివాళ్లతో కాదు, మీలాంటి బావి ఈతగాళ్లతో! చిన్నప్పటి నుంచి ఊపిరి బిగబట్టి మునగడం అలవాటు కదా. స్కూబాలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. కింద పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ ఉబ్బుతుంది, నోరు మూసుకొని పైకి లేస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. మీ ఇద్దరూ ఇదొక్కటి బుర్రలో పెట్టుకోండి. మీసం ఉంటే మాస్క్ అంచు సరిగా అతుక్కోక ముక్కు కింద నుంచి నీళ్లు కారుతుంటాయి, మా ఆయన డైవ్ మొత్తం ఆ నీళ్లు ఊదుకోవడంతోనే సరిపోయింది.

ఫెర్రీ సంగతికొస్తే, ఎక్కడానికి అరగంట ముందు డాక్టర్‌ను అడిగి తెచ్చుకున్న వాంతుల మాత్ర, ఖాళీ కడుపుతో కాకుండా ఇడ్లీ లాంటిది కొంచెం. సీటు ముందువైపు వద్దు, మధ్యలో అడగండి. ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే చోటు చూస్తుంటే తిప్పడం తగ్గుతుంది.

దేవరకొండ_బైకర్:
బారాటాంగ్ తీసేయండి అంటాను నేను. తెల్లారకముందే లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్ట్ దగ్గర లైన్లో నిలబడి, కాన్వాయ్‌గా జరావా అనే ఆదివాసీలుండే అడవి గుండా పోవాలి. ఆపకూడదు, ఫోటోలు తీయకూడదు, తీస్తే కేసు. ఆ రూల్ సరైనదే, వాళ్లు మనకు చూడ్డానికి పెట్టిన బొమ్మలు కాదు. ఆ రోడ్డు మీదే పోనక్కర్లేదని నా లెక్క.

పాలమూరు_తిరుగుడు:
రోడ్డు గురించి నువ్వన్నది ఒప్పుకుంటా గానీ బైకర్ భాయ్, ఆ మడ అడవుల్లో కాలువ మీద బోటులో సున్నపురాయి గుహల దాకా పోవడం మాత్రం మామూలుగా ఉండదు. అయినా ఐదు రాత్రుల్లో పిల్లాడితో అయితే వద్దనే అంటా. మడ అడవి హేవ్‌లాక్‌లోనే కయాక్ మీద, అంటే తెడ్డేసుకునే చిన్న పడవ మీద, చూడొచ్చు. పుష్య అమావాస్య ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌లో చూసి దాని చుట్టూ తేదీలు పెట్టుకుంటే రాత్రి కయాకింగ్ దొరుకుతుంది, తెడ్డు వేసిన చోటల్లా నీళ్లలో సన్నటి జీవులు నీలంగా మెరుస్తాయి. వెన్నెల ఉంటే ఏమీ కనిపించదు. ఇంకో లాభం, అమావాస్యకు ఆటు కూడా పెద్దది, నీళ్లు బాగా వెనక్కి పోతాయి కాబట్టి నీల్‌లో సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన దాకా నడిచి పోవచ్చు. రాళ్లు జారతాయి, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి.

ట్రెక్కింగ్‌కు పోర్ట్ బ్లెయిర్ దగ్గర మౌంట్ హ్యారియట్ ఉంది, 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. సాడిల్ పీక్ ఇంకా ఎత్తు, 732 మీటర్లు, కానీ అది ఉత్తరాన డిగ్లీపూర్‌లో, దానికి వేరే ట్రిప్ కావాలి.

అచ్చంపేట_అక్క:
బాబు ఏరుకునే గవ్వలు, పగడపు ముక్కలు సంచిలో పెట్టనివ్వకండి. పగడాలు 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు. మొసళ్లున్నాయని బోర్డు పెట్టిన చోట మోకాలి లోతుకు కూడా దిగొద్దు. అవి ఉప్పునీటి మొసళ్లు, 2010లో హేవ్‌లాక్‌లోనే ఒక టూరిస్టును చంపేసింది ఒకటి.

మిర్యాలగూడ_మిల్లు:
అందరికీ థాంక్స్. ఏజెంటుకు ఫోన్ చేసి వద్దన్నాను. ఇప్పుడిలా రాసుకున్నా: మొదటి రోజు దిగి సెల్యులార్ జైలు, ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్. తర్వాత మూడు రాత్రులు హేవ్‌లాక్, అందులో మొదటి పూర్తి రోజే స్కూబా. వచ్చేటప్పుడు పొద్దున ఫెర్రీకి నీల్‌లో దిగి, వంతెన చూసి, మధ్యాహ్నం ఫెర్రీకి పోర్ట్ బ్లెయిర్, చివరి రాత్రి అక్కడే. సామాన్లు నీల్‌లో ఎక్కడ పెట్టాలి? ఇంకోటి, తమ్ముడు మీసం తీయనంటే తీయనంటున్నాడు.

పాలమూరు_తిరుగుడు:
ప్లాన్ బాగుంది అన్నా. రెండు ఫెర్రీల మధ్య నాలుగైదు గంటలు ఉండేలా చూసి, నీళ్లు తగ్గే టైమ్ ఆ మధ్యలో పడుతుందో లేదో చూసుకొని బుక్ చెయ్. నీల్‌లో దిగగానే రోజుకు కారు మాట్లాడుకో, సామాన్లు అందులోనే ఉంటాయి. తమ్ముడి మీసం అలాగే ఉండనీ, ముక్కు కిందుగా సన్నటి గీత మేర గొరిగితే మాస్క్ అతుక్కుంటుంది.