‘కాలికి బలపం కట్టుకుని’ అనేది తిట్టా, మెచ్చుకోలా?

జర్మన్ ఫుట్‌బాల్ కోచ్ రూడీ గూటెన్‌డార్ఫ్ మీద చిన్న వ్యాసం రాస్తూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయానండీ. 1926లో కోబ్లెంజ్‌లో పుట్టాడు, ఆ ఊరి జట్టుకే ఆడాడు, ఆ తర్వాత కోచ్‌గా 32 దేశాల్లో 55 జట్లను నడిపించి గిన్నిస్ రికార్డుకెక్కాడు. చిలీ, ఆస్ట్రేలియా, నేపాల్, టాంజానియా, ఫిజీ... రాస్తూ పోతే పేరా నిండిపోతుంది. ‘దేశదిమ్మరి’ అని రాస్తే మా నాన్న చదివి, “పనీపాటా లేని మనిషా ఆయన?” అన్నారు. ‘కాలికి బలపం కట్టుకుని తిరిగాడు’ అనొచ్చా? అందులోనూ ఎగతాళి ఉందా?

– మీ నాన్నగారి మాటే నిజమండీ. దిమ్మరిలో ఊరికే తిరగడం ఉంది. బలపం అలా కాదు. మా అమ్మ నన్ను తిట్టేటప్పుడూ అదే అనేది, కానీ అక్క సంబంధాల కోసం నాన్న కాలికి బలపం కట్టుకుని తిరిగాడని చెప్పేటప్పుడు ఆమె గొంతే వేరు. ఆ మాట ముందు ‘కోసం’ చక్కగా ఇముడుతుంది, దేశదిమ్మరి ముందు పెట్టి చూడండి, అతకదు.

– ఆయన్ని జర్మన్లు ‘రీగెల్ రూడీ’ అనేవారు. రీగెల్ అంటే తలుపుకు అడ్డంగా జరిపే గడియ. జర్మనీలో అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగా మొదలైన 1963–64 సీజన్‌లోనే మైడెరిచ్ జట్టును రెండో స్థానంలో నిలిపాడు, గోల్ ముందు గడియ వేసినట్టు ఆడించే పద్ధతి వల్ల వచ్చిన పేరు అది. ‘గొళ్ళెం రూడీ’ అని మాత్రం రాయకండి, గొళ్ళెం తగిలించేది, గడియ జరిపేది.

– ‘కోసం’ గురించి చెప్పినవారికి చాలా థాంక్స్, నాకు తట్టనే లేదు. 1999లో, డెబ్బై దాటిన వయసులో, ఆయన రువాండా జాతీయ జట్టుకు కోచ్‌గా వెళ్ళాడు. మారణహోమం జరిగి అప్పటికి ఐదేళ్ళే. ఆ మారణహోమం చీల్చిన రెండు వర్గాలు, హుటూలు, టుట్సీలు, ఒకే జట్టులో ఆడాలి. అలాంటి చోటికి వెళ్ళినవాణ్ణి దిమ్మరి అని రాసినందుకు నిజంగా బాధగా ఉంది, తీసేశాను. ఇప్పుడు మొదటి వాక్యం ఇది: “ఫుట్‌బాల్ కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగిన రూడీ, 2003లో సమోవా జట్టు దాకా ఆగలేదు.”

గడియను మా వైపు బేడం అంటారు. మీ వైపు ఏమంటారు?