హెమింగ్వే కథ చదివాక నిద్ర పట్టలేదు. మీ ఇళ్లలో భర్తకూ సంతాన పరీక్ష చేయిద్దామనే మాట ఎలా మొదలుపెట్టారు?

చిత్తూరు_కోడలు:
హెమింగ్వే 1927లో రాసిన "హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్" చదివినవాళ్లున్నారా? స్పెయిన్‌లో ఎబ్రో లోయ, మండే ఎండ, ఒక రైల్వే స్టేషన్. బార్సిలోనా నుంచి మాడ్రిడ్ పోయే బండి రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఒక అమెరికన్, అతనితో వచ్చిన అమ్మాయి బీరు తాగుతూ కూర్చుంటారు. గొడవంతా కడుపు తీయించుకోవడం గురించే. ఆ మాట మాత్రం ఇద్దరూ పైకి అనరు.

మాది తిరగేసిన కేసు. మాకు పిల్లలు కావాలి, కలగడం లేదు. నా పరీక్షలన్నీ వెల్లూరులో అయ్యాయి, అన్నీ నార్మల్. "ఈసారి మీవారికీ పరీక్ష చేయిద్దామమ్మా" అంది డాక్టరమ్మ. ఆయన పక్కనే ఉన్నారు, విన్నారు. తిరుగు బస్సులో చిత్తూరు వచ్చేదాకా తోతాపురి మామిడి రేటు గురించి మాట్లాడారు. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు కాయ దించుకోవడం లేదని, బంగారుపాళ్యం దగ్గర మామగారి తోటలో సగం రాలిపోయిందని. నేనూ ఊఁ కొట్టడమే కాదు, ప్రశ్నలు కూడా వేశాను! మా ఇంట్లో మాటలకేం కరువు లేదు, మాటలే మాటలు.

ఆయన మంచివారు. పొద్దున కాఫీ ఆయనే పెడతారు. కానీ అత్తమ్మ "కాణిపాకం పోయి ప్రదక్షిణలు చేయి" అని నాకొక్కదానికే చెప్తుంటే, పేపర్ మడిచి బయటికి పోతారు. "మీరూ ఒకసారి చూపించుకోండి" అనడానికి నాకు నోరు రావడం లేదు. కోప్పడతారని కాదు, కుంగిపోతారని. "ఓపెన్‌గా మాట్లాడండి" అని మాత్రం చెప్పొద్దు ప్లీజ్.

తిరుపతి_మాస్టారు:
అమ్మా, ఆ కథ ఇంకోసారి చదువు. అతను ఊరుకోనే ఊరుకోడు. చాలా సులువంటాడు, నీకిష్టం లేకపోతే వద్దంటాడు, మళ్లీ అక్కడికే వస్తాడు. చివరికి ఆ పిల్ల మాటలు ఆపమని బతిమాలుకుంటుంది. అందుకని ఒక్కసారి చెప్పు, ఆపైన ఆయన్ని ఆలోచించుకోనివ్వు. రోజూ గుర్తుచేస్తే నువ్వే ఆ అమెరికన్ అయిపోతావు.

రేణిగుంట_రైడర్:
అక్కా, మగోడిగా చెప్తా. టెన్షన్ రిపోర్టులో ఏమొస్తుందని సగమే. మిగతా సగం, ఆ కాగితం అమ్మ కంట పడితే? పెళ్లిళ్లలో మామలు, బావలు జోకులేస్తే? మా ఆవిడ లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బండి మీద వెనకనుంచి అడిగేసింది. మొహాలు కనపడవు కదా! "రిపోర్టు మనిద్దరి మధ్యనే ఉంటుంది. ఆలస్యం నావల్లే అని అత్తమ్మకు చెప్తాలే" అంది. ఆ రెండోదానికి నేను ఒప్పుకోలేదు. పరీక్షకు మాత్రం పోయినా.

ల్యాబ్_పిల్ల:
నేను ల్యాబ్‌లోనే పనిచేస్తా. మొదట చేసేది వీర్య పరీక్ష, దానికి సూది కూడా ఉండదు. ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్య స్ఖలనం లేకుండా ఉండి, వచ్చి శాంపిల్ ఇస్తే చాలు. తేడా కనిపిస్తే ఆ ఒక్క రిపోర్టుతో తేల్చేయరు, మళ్లీ చేయిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఇబ్బంది వస్తుంది. మాస్టారుగారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. ఆలోచించుకోనివ్వండి సరే, ఎన్నాళ్లు? వయసు ఆగదు. ఫలానా రోజు పోదామా అని తేదీతో అడగండి.

చిత్తూరు_కోడలు:
మాస్టారూ, ఆ అమెరికన్ మాట కొంచెం గుచ్చుకుందండీ. తమ్ముడూ, బండి ఐడియా బాగుంది గానీ హెల్మెట్ పెట్టుకుంటే మా ఆయనకు హారన్ కూడా వినపడదు. ఆదివారం తోటకు పోతున్నాం, చెట్ల మధ్య నడుస్తూ అడుగుతా. ఒకటే డౌటు. తిరుపతిలో మాకు చుట్టాలెక్కువ. ఎవరి కంటా పడకూడదంటే వెల్లూరే మేలా?

ల్యాబ్_పిల్ల:
వెల్లూరా! అక్కడ లైన్లో నీ ముందొకరు, వెనకొకరు చిత్తూరోళ్లే కదక్కా.