బరువు తగ్గాక టీషర్ట్ వేసుకోవాలంటేనే ఇబ్బందిగా ఉంది, ఏం చేయాలి?

నాకు 29 ఏళ్లు. కాలేజీ రోజుల నుంచి జిమ్‌కి వెళ్తున్నాను. 96 కిలోలు ఉండేవాణ్ణి. బీపీ ఎక్కువగా ఉందని డాక్టర్ చెబితే తిండి తగ్గించి 81కి వచ్చాను. ఇప్పుడు బీపీ నార్మల్. జిమ్‌లో ఎత్తే బరువులు కూడా పెద్దగా తగ్గలేదు.

అద్దంలో మాత్రం బక్కోడిలా కనిపిస్తున్నాను. పెళ్లిళ్లలో చుట్టాలు "ఏంట్రా ఇలా చిక్కిపోయావు, షుగర్ ఏమైనా వచ్చిందా?" అంటున్నారు (లావైతే తిట్టేదీ వీళ్లే). భుజాలు నిండుగా కనిపించాలని ఎండాకాలంలో కూడా చొక్కా లోపల టీషర్ట్ వేస్తున్నాను. ఎవరైనా ఫొటో అంటే పక్కకి తప్పుకుంటున్నాను.

అన్నం తగ్గిస్తే కండరాల్లో గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర), దాంతోపాటు నీరు తగ్గి కండ చప్పబడినట్టు ఉంటుందని తెలుసు. తెలిసినా టెన్షన్ పోవట్లేదు. ఎంత కండ ఉన్నా చాలదనిపించే మజిల్ డిస్మార్ఫియా గురించి చదివాను. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5లో (మానసిక సమస్యలను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన పుస్తకం) దాన్ని బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ (ఒంట్లో ఏదో లోపం ఉందని అదే పనిగా బాధపడే మానసిక సమస్య) కింద చేర్చారట. నాది అంతవరకూ వెళ్లిందా, మామూలు బెంగేనా?

ఇలా తగ్గినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కొత్త ఒంటికి అలవాటు పడటానికి ఎంత కాలం పట్టింది? సైకాలజిస్టును కలిస్తే ఉపయోగం ఉందా? "మళ్లీ బల్క్ చెయ్ బ్రో" (బాగా తిని బరువు పెంచు) అని మాత్రం అనకండి, బీపీ మళ్లీ పెరుగుతుందని భయం.