ఉదయగిరి మెట్టలో 5 ఎకరాల వాలు బీడు: జులైలో మొక్కలు పెట్టొచ్చా?

మెట్టచేను:
ఊరి ఉమ్మడి బీడు, 5 ఎకరాలు. ఎర్ర గరుసు, అడుగు దిగితే రాయి. సగానికి పైగా సర్కారు తుమ్మ. 40 ఇళ్ళవాళ్ళు పనికి వస్తామంటున్నారు. వనమహోత్సవానికి 2,000 మొక్కలు ఇస్తారంట. అన్నీ పెట్టేయొచ్చా? ఊరి గొర్రెలన్నీ మేసేది కూడా అక్కడే.

పెన్నఒడ్డు:
జులైలో పెట్టబాకండి అన్నా. మనకు అసలు వాన ఈశాన్యానిదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జులై జల్లు నమ్ముకుంటే రెండు నెలలు బిందెలతో మోయాలి. మొక్కలు తెచ్చుకొని నీడన పెట్టండి. వారానికోసారి సంచుల్ని కదపండి, లేకుంటే వేరు సంచి చీల్చుకొని నేలలోకి దిగుద్ది, ఎత్తేటప్పుడు తెగుద్ది. గుంతలు మాత్రం ఎండల్లోనే తవ్వాలి, రెండడుగులు. పైమట్టి వేరుగా తీసిపెట్టి, అందులో 5 కిలోల మాగిన ఎరువు, చెదలకు పావుకిలో వేపపిండి కలిపి పూడ్చండి.

ఇక 2,000 వద్దే వద్దు. 5 మీటర్లకొకటి వేస్తే ఎకరాకు 160, మొత్తం 800. మొక్కకు 10 లీటర్లయితే ఒక తడికి 8,000 లీటర్లు, అంటే 4,000 లీటర్ల ట్యాంకరు రెండు ట్రిప్పులు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పది రోజులకో తడి అంటే 30 ట్రిప్పులు. రెండో ఎండాకాలం కూడా కొన్ని తప్పవు. ముందు ఈ డబ్బు తేల్చుకొని ఆ తర్వాత మొక్కలు లెక్కపెట్టుకోండి.

గుండ్లకమ్మ:
వాలు కాబట్టి గుంతలకంటే ముందు కందకాలు. 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు. ఒక్కోటి 500 లీటర్లు పడుద్ది. తీసిన మట్టి దిగువ వైపే వెయ్యాలి, మొక్క ఆ కట్ట పక్కన. కింది వరుస కందకం, పై వరుసలో ఖాళీ ఉన్నచోటికి ఎదురుగా రావాలి. వరుసలో కందకాలన్నీ వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో ఉండాలి, ఆ గీత కంటిచూపుతో గియ్యమాకండి. నీళ్ళన్నీ ఒక మూలకు పోయి కట్ట తెగి, కొత్త వాగు పడుద్ది. మట్టం చూసేదానికి మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు చాలు. అయితే పైపులో గాలిబుడగ ఒక్కటున్నా కొలత తప్పుద్ది. ముందు పైపు పైకెత్తి, తట్టి బుడగ పోగొట్టాలి.

తుమ్మను నేలమట్టానికి నరికితే ఒకటికి పది పిలకలు. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, గడ్డతో సహా పెరకాలి. ఒకేసారి అంతా బోడి చెయ్యకుండా ఈ ఏడు సగం తియ్యండి, ఆ కంపే కంచె అయిద్ది. కింద బలుసు, రేగు, వేప పిలకలుంటే ముట్టుకోమాకండి. వాటికి వేరు ఉంది, ట్యాంకరు అక్కర్లేదు. మీ ఉదయగిరి చెక్క గరిటెలకు వాడే నర్ది, బిక్కి కనబడితే మరీ జాగ్రత్త.

మందకాపు:
గొర్రెల వాళ్ళను వదిలేసి తీర్మానం రాసుకుంటే కంచె వారం నిలవదు. సగం బీడు మూడేళ్ళు మూసి, సగం మేతకు వదలండి. మూసిన సగంలో గడ్డి కోసుకుపోనివ్వండి. నీళ్ళకు పోయే దారి అడ్డుకోబాకండి. సర్వేయరుతో హద్దురాళ్ళు వేయించాకే పార పట్టండి.

ఇంకోటి, పచ్చి మంద ఎరువు వెయ్యబాకండి. గొర్రెలు తుమ్మకాయలు తింటాయి, గింజ అరగదు. మీరు పెరికిన తుమ్మే గుంతలో మొలుస్తది.

మెట్టచేను:
ట్యాంకరు లెక్క చూశాక 500కి దిగాం. సర్వేయరుకు రేపు అర్జీ ఇస్తున్నాం. సంచి అడుగు కోసి అట్నే పాతొచ్చంటున్నారు కొందరు, నిజమేనా?

పెన్నఒడ్డు:
కాదు. పక్కన నిలువుగా బ్లేడుతో గీసి మొత్తం తీసెయ్యండి. అడుగున వేరు చుట్టుకొని ఉంటే ఆ అంగుళం మేర కోసెయ్యండి. నాటినంక ఖాళీ సంచులు ఎంచండి, 500 రావాల.