విదేశీ సాయం ఒకే దారిన రావాలా, ఎవరి ప్రాజెక్టు వాళ్లదేనా?

డోన్ రైతుబిడ్డ:
దీని మీద మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. 90ల మధ్య నుంచి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఎన్ని విదేశీ ప్రాజెక్టులు వచ్చాయో గుర్తు చేసుకోండి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ వాళ్లు పొదుపు సంఘాలతో మొదలుపెట్టారు. నెదర్లాండ్స్ డబ్బుతో ఏపీవెల్ ప్రాజెక్టు చిన్న రైతులకు బోర్లు వేయించింది. 1999లో బ్రిటన్ ప్రభుత్వ సాయం శాఖ డీఎఫ్ఐడీ ఐదు జిల్లాల్లో వాటర్‌షెడ్లు, జీవనోపాధుల ప్రాజెక్టు పెట్టింది. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు వచ్చింది. ఇవికాక 1997 చట్టంతో నీటి సంఘాలు, అడవి పక్క ఊళ్లలో వన సంరక్షణ సమితులు. ఒక్కోదానికి ఒక్కో కమిటీ, వేరే బ్యాంకు ఖాతా, వేరే తీర్మానాల పుస్తకం, వేరే రిపోర్టు. ఊళ్లో ఎన్నికైన పంచాయతీ ఒకటుందని ఎవరైనా పట్టించుకున్నారా? నా మాట ఒక్కటే. ఏ దేశం డబ్బైనా గ్రామసభ ఒప్పుకున్న ఒకే ప్రణాళిక కింద, ఒకే ఖాతాలోకి రావాలి. తీసుకునే దేశం ప్రణాళిక ప్రకారమే సాయం చేస్తామని, లెక్కలూ తనిఖీలూ కలిపి చేసుకుంటామని 2005లో పారిస్‌లో దాతలంతా ఒప్పుకున్నారు కూడా. ఆ ఒప్పందం ఊరి దాకా ఎందుకు రాలేదు?

సమాఖ్య లెక్కల అక్క:
తమ్ముడూ, పంచాయతీ పంచాయతీ అంటున్నావు, ఆ రోజుల్లో పంచాయతీలో ఆడవాళ్ల మాటకు ఎంత విలువుండేదో కూడా చెప్పు. రిజర్వేషన్‌లో గెలిచిన సర్పంచి ఇంట్లో ఉంటే భర్త వచ్చి కుర్చీలో కూర్చున్న ఊళ్లు నేను చూశాను. అలాంటి చోట డబ్బంతా ఒకే ఖాతాలో పడితే మా దాకా ఏం వచ్చేది? వేరే సంఘం, వేరే పుస్తకం, చెక్కు మీద మా సంతకం ఉండబట్టే మేము బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని మాట్లాడగలిగాం.

ఇంకో సంగతి. యూఎన్‌డీపీ మొదలుపెట్టిన పనిని 2000లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సెర్ప్ సంస్థ అందుకుంది, ప్రపంచ బ్యాంకు అప్పుతో మా పొదుపు సంఘాలు కలిసి గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు అయ్యాయి, ప్రభుత్వం మారి వెలుగు పేరు ఇందిర క్రాంతి పథం అయినా పని ఆగలేదు, 2011లో దేశమంతా జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ పెట్టినప్పుడు మన అనుభవమే తీసుకున్నారు. ఈమధ్య జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ అప్పు తీసుకున్న ప్రకృతి వ్యవసాయం కూడా ఆంధ్రాలో ఈ సమాఖ్యల ద్వారానే ఊళ్లలోకి వెళ్లింది. సాయం ఇచ్చేవాళ్లు మారారు, మా సంఘాలు మాత్రం నిలిచాయి. దాతలు ఢిల్లీలో కూర్చుని మీటింగులు పెట్టుకున్నందువల్ల ఇది కాలేదు. కింద ఒక సంస్థ ఏళ్ల తరబడి నిలబడి, వచ్చినవాళ్లందరినీ తన పద్ధతిలోకి తెచ్చుకుంది కాబట్టి అయింది.

మెట్టపొలం:
సంఘాల సంగతి అక్క చెప్పినట్టే జరిగింది, కాదనను. కానీ నీళ్ల సంగతి చూడండి. ఒక ప్రాజెక్టు బోర్లు వేస్తుంది. పక్కనే ఇంకో ప్రాజెక్టు ఊటకుంటలు, చెక్‌డ్యాంలు కట్టి భూమిలోకి నీళ్లు ఇంకిస్తుంది. ఎంత ఇంకింది, ఎంత తోడాం అని రెండూ కలిపి లెక్క చూసేవాళ్లు లేరు. చెక్‌డ్యాం కింద నాలుగు బోర్లు కొత్తగా పడితే ఆ చెక్‌డ్యాం వల్ల ఊరికి ఏం మిగిలినట్టు?

ఆ లెక్క చూడటం నేర్పింది కూడా విదేశీ ప్రాజెక్టే. ఏపీవెల్ తర్వాత వచ్చిన భూగర్భజలాల ప్రాజెక్టు, ఏపీఫామ్స్ అనేవాళ్లం, ఏడు కరువు జిల్లాల్లో ఆరొందల పైచిలుకు ఊళ్లలో నడిచింది. రైతులే వాన కొలిచేవాళ్లు, బావుల్లో నీటి మట్టం కొలిచి పుస్తకంలో రాసేవాళ్లు, రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని గోడ మీద రాసుకునేవాళ్లు. లోటు కనబడితే వరి వేయాలా, ఆరుతడి పంటకు పోవాలా అన్నది ఎవరి నిర్ణయం వాళ్లదే. సబ్సిడీ లేదు, బలవంతమూ లేదు. చిన్న దాతల సాయం ఇక వద్దని 2003లో మన దేశం నిర్ణయించింది, అందులో ఈ ప్రాజెక్టుకు డబ్బిచ్చే నెదర్లాండ్స్ కూడా పోయింది. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో ద్వారా నడిపారు కాబట్టి బతికింది. రైతుబిడ్డ చెప్పిన ఒకే ప్రణాళిక, ఒకే ఖాతా ఉండుంటే ఇలాంటి పనికి ఎవరు పైసా రాసేవాళ్లు? సిమెంటు లేని పనికి ఎస్టిమేటు వేసేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

అడిస్ అబాబా మాస్టారు:
నేను ఇథియోపియాలో పాఠాలు చెప్పుకునే తెలుగువాణ్ని కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను. ఒకప్పుడు ఇక్కడ ప్రతి కరువుకూ ప్రభుత్వం చేయి చాచడం, దేశాలన్నీ ఎవరికి తోచిన తిండిగింజలు వాళ్లు పంపడం, అవి వచ్చేసరికి ఆలస్యం కావడం. 2005లో పీఎస్‌ఎన్‌పీ అని ఒకే కార్యక్రమం పెట్టారు. ప్రపంచ బ్యాంకు, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, కెనడా, ఐర్లండ్ లాంటివాళ్లు ప్రభుత్వం నడిపే ఆ ఒక్క కార్యక్రమానికే డబ్బిచ్చారు. మన ఉపాధి హామీ లాగే పని చూపించి కూలి ఇస్తారు, నగదు గానీ గింజలు గానీ. గట్లు, కుంటలు, మట్టి రోడ్లు ఆ పనులే. మొదటి కొన్నేళ్లలోనే 70 లక్షల మందికి పైగా అందుకున్నారు. దాతలంతా ఒక పద్ధతికి వచ్చారు కాబట్టే ఇంతమందికి, ఏటా, ముందే తెలిసిన నెలల్లో అందింది. విడివిడి ప్రాజెక్టులతో ఇది అయ్యే పని కాదు. అమెరికా మాత్రం తన గింజల్లో చాలా భాగం ఎన్జీవోల ద్వారానే పంచింది, అదీ ఈ కార్యక్రమం నిబంధనలకు లోబడే. రువాండా ఇంకా గట్టిగా పోయింది. ఒక్కో దాత మూడు రంగాలకు మించి వేలు పెట్టకూడదని 2010లో పంపకాలు చేసేసింది.

పాత ఆడిటర్:
మాస్టారూ, మీరు చెప్పిన మంచి నిజమే. నా భయం వేరే. దాతలంతా ఒకే మాట మీదకు వస్తే మనకు బేరం ఆడే చోటు ఉంటుందా? 1998 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కరెంటు సంస్కరణల్లో ప్రపంచ బ్యాంకు, బ్రిటన్, కెనడా మూడూ ఒకవైపే నిలబడ్డాయి. వాళ్ల మధ్య సమన్వయానికి లోటేమీ లేదు. చార్జీలు పెరిగాయి, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. రైతు మాట వినేవాడు ఆ బల్ల చుట్టూ ఒక్కడూ లేకపోయాక సమన్వయం ఎంత బాగుంటే ఏం లాభం? 2004లో ఉచిత కరెంటు వచ్చింది, అది రైతు అడిగిందే. దాంతో బోర్ల మీద ఒత్తిడీ పెరిగింది. ఈ రెండు మాటలూ కలిపి మాట్లాడే ధైర్యం ఏ పార్టీకీ లేదు.

ఆఫ్రికాలోని మలావీ దేశాన్ని చూడండి. 2005లో పంట పోయి దేశంలో మూడోవంతుకు పైగా జనం తిండి సాయం మీద పడ్డారు. ఎరువులకు సబ్సిడీ ఇస్తామంటే పెద్ద దాతలు మొగ్గు చూపలేదు. ప్రభుత్వం మొదటి ఏడాది సొంత డబ్బుతోనే ఇచ్చింది. వానలూ కలిసొచ్చి మొక్కజొన్న బాగా పండాక బ్రిటన్ లాంటివాళ్లు వచ్చి చేయి కలిపారు. దాతలు వద్దన్నది చేసే ధైర్యం మలావీకి ఉంది కాబట్టే ఆ ఏడాది గట్టెక్కింది.

డోన్ రైతుబిడ్డ:
ఆడిటర్ గారూ, మీ భయానికి జవాబు విడివిడి ప్రాజెక్టులు కాదండి. మలావీకి సొంత బడ్జెట్ నిర్ణయం ఉంది. మా ఊరికి అది కూడా లేదు, పైనుంచి ఏ ప్రాజెక్టు దిగితే దానికి కమిటీ వేయడమే మా పని. అక్క చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకుంటాను. సమాఖ్య ఖాతా సమాఖ్య చేతిలోనే ఉండాలి. ఒకే ఖాతా అన్న మాట వదిలేస్తున్నా. ఒకే ప్రణాళిక అన్నది మాత్రం వదలను.

సమాఖ్య లెక్కల అక్క:
ఆ ప్రణాళిక రాసే రోజు గ్రామసభలో మా వీవో (గ్రామ సమాఖ్య) వాళ్లు సగం మంది కూర్చుంటే నాకూ అభ్యంతరం లేదు.

మెట్టపొలం:
అయితే ఒకటి రాసి పెట్టుకోండి. కొత్తగా ఏ అప్పు మీద సంతకం పెట్టినా, అది కేఎఫ్‌డబ్ల్యూ అయినా ప్రపంచ బ్యాంకు అయినా, మా ఊరి వాటా ఎంత, ప్రాజెక్టు మూసేశాక కట్టినవాటికి మరమ్మతు ఎవరిది, అప్పు తీర్చేది ఏ ఖజానా, ఈ మూడూ పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. బావుల నీటి మట్టం పుస్తకం మళ్లీ తెరవాలి. దానికి విదేశీ డబ్బు అక్కర్లేదు, కొలిచే టేపు, ఒక నోటు పుస్తకం చాలు. ఏపీఫామ్స్‌లో కొలిచినవాళ్లు ఇంకా ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లను పిలిచి అడిగితే చాలు. మా మండలంలో నేను మొదలుపెడతాను, ప్రకాశం, నల్గొండ వైపు వాళ్లెవరైనా ఇక్కడుంటే చెప్పండి, ఒకే తరహాలో రాద్దాం.